చంద్రయాత్రకు ఇల్లు కట్టించిన కార్యదక్షుడు – డాక్టర్ కుర్ట్ డేబస్



ప్రత్యేక సంచిక అనగానే ఒక ప్రముఖుని జీవితం ఉండాలని మన సంపాదకవర్గం వారి కోరిక. కాటన్ దొర గారి గురించీ, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి గురించీ మనవాళ్ళు ఎందరో రాశారు, ఇంకా రాస్తారు. నేను ఈసారి కాస్త దూరం వెళ్ళాను. 1969 జులైలో చంద్రుడి మీద కాలుపెట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు మన మనుమలకు కూడా తెలుసు. ఆయనను మోసుకెళ్ళిన రాకెట్టును రూపొందించిన వెర్నర్ వాన్ బ్రౌన్ పేరు పత్రికలు చదివే వారికి తెలుసు. కానీ ఆ రాకెట్టును ఎక్కడ నిలబెట్టి బిగించారు, ఎలా ప్రయోగ వేదిక దాకా నడిపించారు, ఆ ఏర్పాట్లన్నింటికీ బాధ్యుడైన అధికారి ఎవరు అనే సంగతి మనలో కొద్దిమందికే తెలుసు. ఆ అధికారి డాక్టర్ కుర్ట్ డేబస్. రాకెట్ల చరిత్రలో ఆయనది పెద్ద పేరు.

నేను ముప్ఫై ఆరేళ్ళు ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. అందులో పదకొండేళ్ళు భూసేకరణ సెక్షన్‌లో గడిచాయి. కాబట్టి రాకెట్టు పైకి లేచే నిమిషం కన్నా, దానికి ముందు జరిగిన ఏళ్ళ తరబడి ఏర్పాట్ల మీదే నా దృష్టి పడుతుంది. ఈ జీవితాన్ని ఆ కోణంలోనే చెబుతాను. అందులో మెచ్చుకోవలసినవి ఉన్నాయి, మెచ్చుకోలేనివీ ఉన్నాయి. రెండూ చెబితేనే జీవిత చరిత్ర అవుతుంది.

జననం – విద్యాభ్యాసం

డేబస్ 1908 నవంబరు 29న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో జన్మించాడు. దగ్గరలోనే ఉన్న డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివాడు. అక్కడే పై డిగ్రీ చేసి, 1939లో డాక్టరేటు పొంది, అధ్యాపకుడయ్యాడు. ఆ రోజుల్లో జర్మన్ విద్యార్థి సంఘాల్లో కత్తియుద్ధం ఒక ఆచారం. దాని గుర్తుగా ఆయన చెంప మీద ఒక గాటు ఉండేది. తరువాతి కాలపు ఛాయాచిత్రాల్లో కూడా అది స్పష్టంగా కనిపిస్తుంది.

చెంప మీది గాటు కన్నా లోతైన మచ్చ మరొకటి ఉంది. హిట్లరు అధికారంలోకి వచ్చిన 1933లోనే డేబస్ నాజీల దళంలో చేరాడు. 1940లో ఎస్ ఎస్ అనే మరింత క్రూరమైన సంస్థలో సభ్యుడయ్యాడు. అంతటితో ఆగలేదు. 1942లో ఒక సహోద్యోగి హిట్లరు ప్రభుత్వానికి వ్యతిరేకంగా మాట్లాడాడని గెస్టాపో రహస్య పోలీసులకు ఫిర్యాదు చేశాడు. ఆ సహోద్యోగిని విచారించి శిక్ష వేశారు.

ఇది చదివినప్పుడు నా మనసు కలుక్కుమన్నది. మన ఉద్యోగ జీవితాల్లో ఆకాశరామన్న ఉత్తరాల సంగతి అందరికీ తెలుసు. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో, పేరు అనవసరం, ఒక నిజాయితీపరుడి మీద అటువంటి ఉత్తరం ఒకటి వచ్చింది. విచారణ పూర్తయి ఆయన నిర్దోషి అని తేలేసరికి నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళూ ఆయన పూర్తి పెన్షను ఆగిపోయింది, కూతురి పెళ్ళి వాయిదా పడింది. మన దగ్గర ఒక కాగితం అంత పని చేసింది. అటువంటిది ప్రాణాలు తీసే రాజ్యంలో ఒక మనిషి పేరు పోలీసులకు అందించడమంటే దాని బరువెంతో మనం ఊహించుకోగలం. పైగా ఇది పేరు దాచుకున్న ఉత్తరం కూడా కాదు. డేబస్ జీవితాన్ని ఎవరు రాసినా ఈ పేజీని చించివేయడానికి వీల్లేదు.

యుద్ధకాలం

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో డేబస్ బాల్టిక్ సముద్ర తీరాన ఉన్న పీనెమ్యూండె రాకెట్ కేంద్రంలో చేరాడు. అక్కడ వాన్ బ్రౌన్ బృందం వీ-2 రాకెట్లను తయారు చేస్తుండేది. వాటిని నిలబెట్టి పరీక్షించి ప్రయోగించే ఏడవ నంబరు వేదిక డేబస్ పర్యవేక్షణలోకి వచ్చింది. రాకెట్టు గీయడం ఒక విద్య, దాన్ని తయారు చేయడం మరొక విద్య, తయారైనదాన్ని జాగ్రత్తగా నిలబెట్టి పంపడం మూడో విద్య. ఈ మూడో విద్యలో ఆయన ఆరితేరాడు. జీవితాంతం ఆ పనే చేశాడు.

వీ-2 రాకెట్లు లండన్, ఆంట్‌వెర్ప్ నగరాల మీద పడి వేలాది పౌరులను బలిగొన్నాయి. వాటిని తయారు చేసిన భూగర్భ కర్మాగారంలో నిర్బంధ శిబిరాల ఖైదీల చేత వెట్టిచాకిరీ చేయించారు. అక్కడ కూడా వేలమంది ప్రాణాలు కోల్పోయారు. చంద్రుడి దాకా వెళ్ళిన బాట ఆ చీకటి సొరంగం పక్క నుంచే మొదలైందని మరువరాదు.

1945లో జర్మనీ ఓడిపోయాక, బ్రిటిష్ వారు పట్టుబడిన రాకెట్లను ప్రయోగించి చూసినప్పుడు డేబస్ వారికి సహాయపడ్డాడు. ఆ తరువాత వాన్ బ్రౌన్ బృందంతో పాటు ఆయనను కూడా అమెరికా సైన్యం తమ దేశానికి తీసుకుపోయింది. ఆయన గతం అమెరికా అధికారుల ఫైళ్ళలో ఉంది. రష్యాతో పోటీ ముంచుకొస్తున్నందున ఆ ఫైళ్ళను పక్కన పెట్టారు. అవసరం వచ్చినప్పుడు ప్రభుత్వాలు ఏ కాగితాన్ని పైన పెడతాయో, ఏ కాగితాన్ని అడుగున పెడతాయో మనకు కొత్తగా చెప్పనక్కరలేదు.

కేప్ కెనావెరల్‌కు రాక

మొదట టెక్సాస్‌లోని ఫోర్ట్ బ్లిస్‌లో, 1950 నుంచి అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్‌లో ఆయన పనిచేశాడు. 1952లో క్షిపణి ప్రయోగ విభాగానికి అధిపతి అయ్యాడు. ఆయన బృందం ఫ్లోరిడా తీరంలోని కేప్ కెనావెరల్ నుంచి 1953 ఆగస్టు 20న మొదటి రెడ్‌స్టోన్ రాకెట్టును పంపింది. అప్పట్లో ఆ ప్రాంతమంతా ఇసుక, పొదలు, దోమలు. వసతి కూడా సరిగా లేని చోట ప్రయోగ కేంద్రాన్ని ఒక్కొక్క ఇటుక పేర్చి నిలబెట్టారు.

1958 జనవరి 31 రాత్రి అమెరికా మొదటి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1 పైకి వెళ్ళింది ఈ బృందం చేతుల మీదుగానే. అంతకు ముందు రెండు రాత్రులు పై ఆకాశంలో గాలులు బలంగా వీస్తున్నాయని ప్రయోగాన్ని ఆపారు. రష్యా స్పుత్నిక్ పైన తిరుగుతోంది, దేశమంతా తొందరపెడుతోంది. అయినా గాలి తగ్గేదాకా ఆగారు. 1961 మే 5న అలన్ షెపర్డ్ అనే తొలి అమెరికన్ వ్యోమగామిని పంపింది కూడా వీరే.

అసలు సమస్య

షెపర్డ్ ప్రయాణం జరిగిన ఇరవై రోజులకు అధ్యక్షుడు కెనడీ, ఆ దశాబ్దం ముగిసేలోగా మనిషిని చంద్రుడి మీదికి పంపి వెనక్కు తీసుకురావాలని తమ పార్లమెంటు ముందు ప్రకటించాడు. ప్రకటన ఒక పూటలో అయిపోయింది. అమలు చేయవలసిన వాళ్ళకు ఆ పూట నుంచే నిద్ర కరువైంది.

చంద్రుడి దాకా వెళ్ళే రాకెట్టు చిన్నది కాదు. చివరికి తయారైన శాటర్న్-5 ఎత్తు 363 అడుగులు. ఇంధనం నింపితే బరువు దాదాపు 2,900 టన్నులు. అప్పటిదాకా అలవాటైన పద్ధతి ఏమిటంటే, రాకెట్టు భాగాలను ప్రయోగ వేదిక మీదికే తెచ్చి, ఆరుబయటే ఒకదానిపై ఒకటి బిగించి, అక్కడే వారాలు, నెలలు పరీక్షలు చేయడం. ఫ్లోరిడాలో ఉప్పుగాలి, పిడుగులు, తుఫానులు. తుఫాను వస్తోందంటే సగం బిగించిన రాకెట్టును ఏం చేయాలి? పైగా ఒక రాకెట్టు వేదిక మీద నెలల తరబడి కూర్చుంటే రెండవదానికి చోటేది? ఏడాదికి ఎన్నో రాకెట్లు పంపాలని అప్పట్లో అనుకున్నారు. ఆ లెక్కన వేదికలు కట్టుకుంటూ పోతే తీరం పొడవు చాలదు.

దీనికి డేబస్ బృందం తేల్చిన పరిష్కారం సూటిగా ఉంటుంది. రాకెట్టును ఒక పెద్ద ఇంట్లో నిలువుగా బిగించాలి. కదిలే ఉక్కు పీఠం మీద, తన వైర్లు, గొట్టాలు, సేవా స్తంభం అన్నిటితో సహా నిలబెట్టాలి. పరీక్షలన్నీ ఇంట్లోనే పూర్తి చేయాలి. ఆ తరువాత ఆ పీఠంతో సహా నిలువుగానే మోసుకెళ్ళి వేదిక మీద పెట్టాలి. వేదిక మీద ఉండేది కొద్ది వారాలే. అది వెళ్ళగానే ఇంట్లో ఇంకొకటి సిద్ధమవుతూ ఉంటుంది.

అదే కాలంలో రష్యాలో కొరోలెవ్ బృందం మరో దారి పట్టింది. వారు రాకెట్టును పెద్ద షెడ్డులో పడుకోబెట్టి బిగించి, రైలు పట్టాల మీద లాక్కెళ్ళి, వేదిక దగ్గర పైకి లేపేవారు. వారి చంద్ర రాకెట్టు కోసం రెండు జతల పట్టాల మీద డీజిల్ ఇంజన్లు పెట్టి లాగించారు. ఏ దారిలో ఆ కష్టాలున్నాయి. పడుకోబెట్టి తీసుకెళితే ఇల్లు పొట్టిగా ఉన్నా సరిపోతుంది, కానీ వేదిక దగ్గర మళ్ళీ అనేక కనెక్షన్లు కలిపి, మళ్ళీ పరీక్షించాలి. నిలువుగా తీసుకెళితే ఆ బాధ తగ్గుతుంది, కానీ రాకెట్టు కన్నా ఎత్తైన ఇల్లు కావాలి.

భూమి సేకరణ

1961 జులై చివర డేబస్, అక్కడి వైమానిక దళ అధికారి జనరల్ డేవిస్ కలిసి స్థల నివేదిక సమర్పించారు. ఎన్నో చోట్లను పోల్చి చూశాక కేప్ పక్కనే ఉన్న మెరిట్ ద్వీపాన్ని ఎన్నుకున్నారు. ఆగస్టులోనే ప్రకటన వెలువడింది. ఎనభై వేల ఎకరాలకు పైగా భూమి తీసుకోవలసి వచ్చింది.

ఇక్కడ నా పాత సెక్షను నాకు గుర్తుకొస్తుంది. ఆ ద్వీపంలో నారింజ తోటల రైతులు, వేసవి విడుదుల యజమానులు, తరాలుగా ఉన్న కుటుంబాలు ఉండేవి. వారందరూ కదలవలసి వచ్చింది. కొన్ని తోటలను మాత్రం కౌలుకిచ్చి సాగు కొనసాగనిచ్చారు. రాకెట్లకు అవసరం లేని చిత్తడి నేలలను 1963లో వన్యప్రాణుల శరణాలయంగా ప్రకటించారు. ఈనాటికీ అక్కడ మొసళ్ళు, కొంగలు, రాకెట్లు పక్కపక్కనే ఉంటాయి. మన శ్రీహరికోట దీవిలో కూడా రాకెట్ కేంద్రం కోసం తరాలుగా అడవిని నమ్ముకున్న యానాదులు చోటు వదలవలసి వచ్చింది. పెద్ద పనుల చరిత్రలో భూమి ఇచ్చినవారి పేర్లు శిలాఫలకం మీద కనిపించవు. పరిహారం కోసం గుడ్డసంచిలో పట్టాకాగితాలు పెట్టుకుని ఏళ్ళ తరబడి మా బల్ల చుట్టూ తిరిగిన ముసలి రైతులను చూసినవాడిని గనుక ఈ మాట రాయకుండా ఉండలేను.

మహా భవనం

1962 జులై 1న ప్రయోగ కేంద్రం స్వతంత్ర సంస్థగా ఏర్పడింది. డేబస్ దానికి మొదటి డైరెక్టరు. 1963 నవంబరులో కెనడీ హత్యకు గురయ్యాక ఆ కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.

భవనం నమూనా బాధ్యత న్యూయార్క్ వాస్తుశిల్పి మాక్స్ అర్బాన్ నాయకత్వంలో నాలుగు సంస్థల కూటమికి అప్పగించారు. నిర్మాణాన్ని అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం పర్యవేక్షించింది. కేంద్రంలో నిర్మాణాలన్నీ సకాలంలో పూర్తి చేయించే భారం రోకో పెట్రోన్ అనే యువ సైనికాధికారి మోశాడు. డేబస్ గొప్పతనంలో ఒక భాగం ఇదే. తగినవాళ్ళను ఎన్నుకుని వారి చేతికి పని ఇచ్చి, రోజూ నివేదికలు తెప్పించుకుని చదివేవాడు. ఏ రోజు పని ఆ రోజు తన దినచర్య పుస్తకంలో నమోదు చేయించేవాడు. వాన్ బ్రౌన్‌కు వారం వారం నోటు పంపేవాడు. డిస్పాచ్ రిజిస్టరు విలువ తెలిసిన మనకు ఈ అలవాటు నచ్చకుండా ఉండదు.

1963 వేసవిలో పునాది పని మొదలైంది. కింద ఇసుక, దాని కింద ఉప్పునీరు, ఎంతో లోతున సున్నపురాయి. 4,225 ఉక్కు గొట్టాలను సుమారు 160 అడుగుల లోతుకు దిగగొట్టారు. భవనం బరువు మోయడం ఒక్కటే వాటి పని కాదు. అంత పెద్ద పెట్టెలాంటి భవనాన్ని తుఫాను గాలి గాలిపటంలా లేవనెత్తకుండా నేలకు పట్టి ఉంచడం కూడా వాటి పనే. ఇంకో చిక్కు వచ్చింది. ఉప్పునీటిలో ఉక్కు గొట్టాలు నిలబడితే అదంతా కలిసి ఒక పెద్ద బ్యాటరీలా పనిచేసి, విద్యుత్తు పుట్టి, ఉక్కు తినివేయబడుతుంది. రాగి తీగలు అతికి ఎర్తింగు చేసి ఆ ముప్పు తప్పించారు.

1965 ఏప్రిల్‌లో చట్రం చివరి ఉక్కు దూలం పైకెక్కింది. 1966లో భవనం పూర్తయింది. ఎత్తు 525 అడుగులు, పొడవు 716, వెడల్పు 518. ఎనిమిది ఎకరాల నేల మీద ఒకే కప్పు. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే, మూడు చార్మినార్లను ఒకదానిపై ఒకటి నిలబెట్టినంత ఎత్తు. నాగార్జునసాగర్ డ్యాం ఎత్తు 124 మీటర్లయితే ఇది 160 మీటర్లు. రాకెట్టు బయటికి వెళ్ళే ఒక్కొక్క తలుపు ఎత్తే 456 అడుగులు. ఆ తలుపు పూర్తిగా తెరుచుకోవడానికి ముప్పావు గంట పడుతుంది. లోపలి గాలిని గంటకొకసారి మార్చడానికి కప్పు మీద వందకు పైగా గాలి యంత్రాలు పెట్టారు. అంత పెద్ద గదిలో తేమ పేరుకుంటే మబ్బులు కమ్ముతాయని జనం చెప్పుకునేవారు. దీన్ని ఇల్లు అనడం కన్నా, రాకెట్లు బిగించే ఒక పెద్ద యంత్రానికి గోడలు కట్టారంటే సరిగ్గా ఉంటుంది.

నాలుగు రాకెట్లను ఒకేసారి బిగించేలా నాలుగు అరలు కట్టారు. అయితే అనుకున్నన్ని ప్రయాణాలు మంజూరు కాలేదు. మూడు అరలనే శాటర్న్ రాకెట్ల కోసం పూర్తిగా సిద్ధం చేశారు. అంచనాల్లో రాసిన సంఖ్యకూ మంజూరైన సంఖ్యకూ తేడా రావడం అమెరికాలో కూడా ఉందన్నమాట.

భవనంలో పని

రాకెట్టు మొదటి రెండు అంతస్తులు పడవల మీద వచ్చేవి. మొదటిది న్యూ ఆర్లియన్స్ నుంచి, రెండవది కాలిఫోర్నియా నుంచి పనామా కాలువ మీదుగా. మూడవది పొట్ట ఉబ్బిన ఒక విచిత్రమైన విమానంలో వచ్చేది. భవనం ముంగిటిదాకా కాలువ తవ్వారు. లోపల కప్పుకు వేలాడే క్రేనులు టన్నుల కొద్దీ బరువున్న అంతస్తును నిట్టనిలువుగా లేపి, గోడ మీదుగా దాటించి, కింది అంతస్తు మీద వెంట్రుకవాసి తేడా లేకుండా దించాలి. క్రేను నడిపేవారికి పరీక్షగా, బరువైన దిమ్మెను కోడిగుడ్డు పెంకు పగలకుండా తాకించమనేవారని చెబుతారు. ఎంత పెద్ద యంత్రమైనా దాన్ని నడిపే మనిషి చేతివాటం మీదే ఆధారపడుతుంది.

బిగించిన రాకెట్టును మోసేందుకు ముందు పడవలు, రైలు పట్టాలు అన్నీ ఆలోచించారు. పడవ మీద అంత ఎత్తైన వస్తువు గాలికి ఊగుతుంది. పట్టాలు ఖరీదు. చివరికి కెంటకీ బొగ్గు గనుల్లో తిరిగే బ్రహ్మాండమైన తవ్వకం యంత్రాలను చూసి, అదే తరహాలో గొలుసు చక్రాల బండి చేయించారు. దాని బరువు సుమారు 2,700 టన్నులు. బరువుతో నడిచేటప్పుడు వేగం గంటకు ఒక మైలు. మన తిరునాళ్ళ రథం కన్నా నిదానం. వేదిక దాకా మూడున్నర మైళ్ళ దారి, పైన నదీగర్భపు గులకరాళ్ళు పరిచారు. చివర వేదిక వాలు ఎక్కేటప్పుడు కూడా రాకెట్టు శిఖరం వాలిపోకుండా బండి తనను తాను సరిచేసుకుంటుంది.

1965 జులైలో ఈ బండిని నడిపి చూస్తే దాని బేరింగులు ముక్కలయ్యాయి. బండి నడవకపోతే భవనం ఉండీ లేనట్టే. భవనం మీద, వేదికల మీద పెట్టిన కోట్ల డాలర్లు ఆ కొద్దిపాటి లోహపు ముక్కల దగ్గర ఆగిపోయాయి. బేరింగుల రకం మార్చి, కొత్తవి తయారు చేయించి, బండిని దారిలో పెట్టారు.

దుఃఖం – విజయం

1967 జనవరి 27న కేప్‌లోని వేరొక వేదిక మీద, రాకెట్టులో ఇంధనం కూడా లేని ఒక మామూలు పరీక్షలో అపోలో గదికి నిప్పంటుకుని గ్రిసమ్, వైట్, చాఫీ అనే ముగ్గురు వ్యోమగాములు మరణించారు. లోపల శుద్ధమైన ఆక్సిజన్, త్వరగా తెరుచుకోని తలుపు, అంటుకునే పదార్థాలు. ప్రమాదం కాదనుకున్న పరీక్ష కావడంతో జాగ్రత్తలు తగ్గాయి. డేబస్ కేంద్రం కూడా ఆ విచారణను ఎదుర్కొంది. ఆ తరువాత గది నిర్మాణం, పరీక్షల పద్ధతులు అన్నీ తిరిగి రాసుకున్నారు.

అదే ఏడాది నవంబరు 9న శాటర్న్-5 మొదటిసారి, మనుషులు లేకుండా, ఎగిరింది. మహా భవనంలో బిగించి, బండి మీద వెళ్ళి, వేదిక నుంచి లేచిన తొలి రాకెట్టు అదే. ఆ మోతకు మైళ్ళ దూరంలో కిటికీలు అదిరాయి. అపోలో-11 రాకెట్టు 1969 మే 20న భవనం నుంచి బయలుదేరింది. జులై 16 ఉదయం, భవనం పక్కనే ఉన్న నియంత్రణ కేంద్రం నుంచి దాన్ని పంపారు. కెనడీ ఇచ్చిన గడువుకు ఇంకా అయిదు నెలలు మిగిలాయి. నేనప్పుడు కాలేజీ కుర్రవాణ్ణి. రేడియోలో ఆ వార్త విన్నప్పుడు ఒక భవనం, ఒక బండి, వేలాది గుమాస్తాలు, ఫిట్టర్లు దాని వెనుక ఉన్నారని తోచలేదు.

1968 ప్రాంతంలో ఆ కేంద్రంలో ఇరవై ఆరు వేల మంది దాకా పనిచేసేవారు. చంద్రుడి మీద కాలుపెట్టిన కొద్దికాలానికే నిధులు తగ్గాయి. చివరి అపోలో ప్రయాణాలు రద్దయ్యాయి. పని విజయవంతంగా పూర్తి చేసినందుకే వేలమంది ఉద్యోగాలు కోల్పోయారు. మనకు పెన్షను ఉంది, వారిలో చాలామందికి అది కూడా లేదు. 1973లో స్కైలాబ్ వ్యోమగాముల కోసం చిన్న శాటర్న్ రాకెట్లను అదే పెద్ద పీఠం నుంచి పంపవలసి వచ్చింది. కొత్తది కట్టే డబ్బు లేక, పాలు పితికేవారు కూర్చునే పీటలాంటి 128 అడుగుల ఉక్కు పీటను కట్టి, దాని మీద చిన్న రాకెట్టును నిలబెట్టారు. ఉన్నదానితో సర్దుకోవడం తెలిసినవారి పని అది.

విశ్రాంత జీవితం

డేబస్ 1974 నవంబరులో పదవీ విరమణ చేశాడు. ఆ తరువాత చవకగా రాకెట్లు తయారు చేయాలనుకున్న ఒక జర్మన్ ప్రైవేటు సంస్థకు కొన్నేళ్ళు అధ్యక్షుడిగా ఉన్నాడు. ఆ సంస్థ ఆఫ్రికాలోని జైరు దేశంలో ప్రయోగాలు మొదలుపెడితే అనేక దేశాలు అభ్యంతరం చెప్పాయి, అక్కడ దాన్ని మూసివేయవలసి వచ్చింది. 1983 అక్టోబరు 10న ఫ్లోరిడాలోనే ఆయన కన్నుమూశాడు. ఆయనకు ఇద్దరు కుమార్తెలు. చంద్రుడి మీద ఒక బిలానికి ఆయన పేరు పెట్టారు.

ఆయన పోయినా భవనం నిలిచింది. 1981 నుంచి 2011 దాకా స్పేస్ షటిళ్ళను అందులోనే బిగించారు. 2004లో వచ్చిన తుఫానుకు గోడల మీది రేకులు వందల సంఖ్యలో ఎగిరిపోయాయి, చట్రం మాత్రం చెక్కు చెదరలేదు. 2022 నవంబరు 16న చంద్రుడిని చుట్టి రావడానికి వెళ్ళిన ఆర్టెమిస్-1 రాకెట్టు కూడా ఆ భవనం నుంచే, ఆధునీకరించిన ఆ పాత బండి మీదే, వేదికకు చేరింది. కట్టి యాభై ఆరేళ్ళయినా పనికి వచ్చింది.

మన గడ్డ మీద

ఆ ఆలోచన మన రాష్ట్రంలో కూడా వేళ్ళూనింది. శ్రీహరికోటలో మొదటి ప్రయోగ వేదిక దగ్గర 2023 దాకా రాకెట్టు కదిలేది కాదు. దాన్ని వేదిక మీదే బిగించేవారు, చుట్టూ కప్పిన ఎత్తైన చక్రాల మేడ ప్రయోగానికి ముందు వెనక్కు జరుగుతుంది. రెండవ వేదికకు వచ్చేసరికి పద్ధతి మారింది. ఎనభై మీటర్లకు పైగా ఎత్తున్న భవనంలో రాకెట్టును నిలువుగా బిగించి, పీఠంతో సహా పట్టాల మీద కిలోమీటరు దూరంలోని వేదికకు నడిపిస్తారు. 2005 మే 5న పీఎస్ఎల్‌వీ-సీ6 ఆ వేదిక నుంచి మొదట వెళ్ళింది. 2023 జులై 14న చంద్రయాన్-3 వెళ్ళింది కూడా ఆ వేదిక నుంచే. ఇల్లు కదలాలా, రాకెట్టు కదలాలా అనే ప్రశ్నకు రెండు జవాబులూ మన సూళ్ళూరుపేట పక్కనే పనిచేస్తున్నాయి. వీలైనవారు మనుమలను వెంటబెట్టుకుని వెళ్ళి, దూరం నుంచైనా ఒక ప్రయోగం చూసి రావాలని నా కోరిక.

చివరి మాట

డేబస్‌ను ఎలా లెక్కగట్టాలి? మన కార్యాలయాల్లో సర్వీసు రిజిస్టరు ఒకటే ఉంటుంది. ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, శిక్షలు అన్నీ అందులోనే వరసగా రాస్తారు. ముందరి పేజీలో ఉన్నదాన్ని వెనకటి పేజీ కొట్టివేయదు. ఒక మనిషిని పోలీసులకు అప్పగించిన సంగతీ ఆయన రిజిస్టరులో ఉంటుంది, పన్నెండు మందిని చంద్రుడి మీద నడిపించడానికి చేసిన ఏర్పాట్లూ అందులోనే ఉంటాయి. ఆయన బతికి ఉన్నంతకాలం మొదటి పేజీ ఎవరూ పెద్దగా తిప్పలేదు. ఇప్పుడు తిప్పారు. తిప్పడమే న్యాయం.

మన పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. పని నేర్పును ఆయన దగ్గర నేర్చుకోండి. పునాది లోతుగా దింపడం, పరీక్షలు ఇంట్లోనే పూర్తిచేయడం, గాలి తగ్గేదాకా ఆగడం, ఏ రోజు లెక్క ఆ రోజు రాసుకోవడం, ఇవి ఏ ఉద్యోగికైనా అక్కరకొస్తాయి. పక్క బల్ల మీది మనిషి పట్ల ఎలా ఉండకూడదో కూడా ఆయన జీవితమే చెబుతుంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండగలవని తెలుసుకోవడం మనకు అవసరమని భావించి ఈ నాలుగు మాటలు రాశాను.  సభ్యులందరూ ఆయురారోగ్యాలతో ఉండాలని, లైఫ్ సర్టిఫికెట్లు సకాలంలో అందజేయాలని మనవి.